ఏడో పట్టీ

మా వంటింట్లో ఎనిమిది సోలలు పట్టే ఇత్తడి గిన్నె ఒకటి ఉంది. అంచు ఒకచోట సొట్టపోయింది. సోలకు నాలుగు గిద్దల చొప్పున అంచుదాకా పోస్తే ముప్పైరెండు గిద్దల నీళ్ళు పడతాయి. ఈ లెక్క నేను మూడుసార్లు కొలిచి చూసుకున్నది. ఆ గిన్నెలో పప్పు వండను, పాలు కాచను. ఏడాదికొకసారి చింతపండు పెట్టి తోమి మళ్ళీ బోర్లిస్తాను. దాంతో నేను కొలిచింది ఒక కారు కమాన్లను.

ఏ రోజు ఏం జరిగిందీ రాసుకునే అలవాటు నాకు పుట్టింటి నుంచి వచ్చింది. మాది ప్రొద్దుటూరు. నాన్న నూనెగానుగ ఆడించేవాడు. ఏ మూటలో ఎన్ని పడుల నూనె దిగిందో చెప్పడానికి ఇంట్లో ఒకరు ఉండాలి, ఆ ఒకరు నేను. ఎనిమిదో తరగతితో నన్ను బడి మాన్పించారు గానీ నోటుపుస్తకం మాన్పించలేకపోయారు. పెళ్ళయి పులివెందుల వైపు పల్లెకు వచ్చినప్పుడు నా పెట్టెలో చీరల కింద మూడు పుస్తకాలున్నాయి. మా అత్త వాటిని చూసి, "ఏందమ్మే ఇవి? ఈ ఇంట్లో ఎన్ని ఈగలుండాయో కూడా రాస్తావా?" అంది. ఈగలు రాయలేదు. మిగతావన్నీ రాశాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నా భర్త మద్రాసు పోయి ఒక కారు కొనుక్కొచ్చాడు. యుద్ధానికి ముందు తయారైన అమెరికా కారు. ఎనిమిది సిలిండర్లు. పైన గుడ్డ టాపు, ముందు ఒక సీటు, వెనక ఒక సీటు, మధ్యలో మడిచి పెట్టుకునే చిన్న సీట్లు రెండు. దాని చప్పుడు మైలు దూరాన వినపడగానే మా వీధి కోళ్ళు గంపల కింద దూరేవి. తార్రోడ్డు మీద అది పోతుంటే పులివెందుల బస్సులు పక్కకు తప్పుకునేవి. కానీ మా పల్లె తార్రోడ్డు మీద లేదు. రోడ్డు దిగి నాలుగు మైళ్ళు బండిబాటన రావాలి. ఎద్దులబండ్లు కోసిన గాడులు, మధ్యలో మేము వంక అనే చిన్న వాగు, అందులో గుండ్రాళ్ళు.

ఆ బాట గురించి ఇంకొక మాట ముందే చెప్పాలి. పెళ్ళయిన రెండో ఏడు, నాలుగో నెలలో, ఎద్దులబండిలో ఆ వంక దాటుతుండగా నాకు మొదటి కడుపు పోయింది. రెండోది ఆరో నెలలో ఇంట్లోనే పోయింది. మూడోసారి నిలబడ్డప్పుడు జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి నా భర్తను లోపలికి పిలిచింది. "కుదుపు తగలకూడదు. బరువెత్తకూడదు. తొమ్మిదో నెల రాకముందే తీసుకొచ్చి ఇక్కడ పెట్టండి. బండి మీద మాత్రం తేవద్దు," అని చెప్పింది. "బండి యాలమ్మా, కారుండాది," అని ఆయన ఛాతీ విరుచుకుని అన్నాడు. ఆ మాట రెండు రాష్ట్రాలు కలిసి ఏడాదైనా కాని రోజుల్లోది. నా పుస్తకంలో దుర్ముఖి సంవత్సరం, మార్గశిరం అని ఉంది.

ఆయన అన్న కారుకు ఇంకొక పని కూడా ఉండేది. ప్రతి వేసవిలో, చెరువు ఎండి అడుగు గట్టిపడ్డాక, మూడు తాలూకాల్లో కార్లూ జీపులూ ఉన్న పదిమంది దాకా ఆ చెరువులోకి దిగి పందెం వేసుకునేవారు. కట్ట వెంబడి పోవడం, తూము దగ్గర తిరగడం, మళ్ళీ కట్ట వెంబడి రావడం. ఇట్లా ఐదు చుట్లు. గెలిచినవాడికి ఒక పొట్టేలు, ఏడాది పొడుగునా మీసం తిప్పే హక్కు. ముందటేడు మా కారు నేరుబాట మీద అందరికన్నా ముందు ఉండి కూడా ఓడిపోయింది. తూము దగ్గర మలుపు తిరిగేటప్పుడు బండి మొత్తం ఒక పక్కకు ఒరిగిపోయి, మడ్‌గార్డు టైరుకు రాసుకుని పొగ వచ్చిందట. "గుఱ్ఱం బలంగా ఉండి కాళ్ళు మెత్తనయితే ఏం లాభం," అని జమ్మలమడుగు జీపాయన అన్నాడట. ఆ మాట మా ఆయన్ను ఏడాదంతా తినింది.

అందుకే ఆ ఫాల్గుణంలో ప్రొద్దుటూరు నుంచి మేస్త్రీని పిలిపించాడు. ఆయన ముస్లిము, యుద్ధంలో సైన్యం లారీలు బాగుచేసి వచ్చినవాడు. తిరిగొచ్చాక ప్రొద్దుటూరులో తాటాకుల షెడ్డు వేసుకుని, ఒక పక్క కొలిమి, ఒక పక్క మోటార్ల పని చేసేవాడు. బస్సు మా ఊరి రోడ్డు దగ్గర దించితే, జాకీ, పానాల సంచి, గోనెలో చుట్టిన ఇనుప పట్టీలు ఎద్దులబండిలో వేసుకుని దిగాడు.

కమాను అంటే ఏమిటో నేను అప్పుడే దగ్గరగా చూశాను. ఒకదాని కింద ఒకటి, పొడుగైనది పైన, పొట్టిది కింద, విల్లులా వంచిన ఉక్కు పట్టీలు. అన్నిటినీ కలిపి మధ్యలో బోల్టు వేస్తే ఒక కట్ట. చక్రానికొకటి చొప్పున నాలుగు కట్టలు, కట్టకు ఐదు పట్టీలు. కారు బరువంతా ఆ ఇరవై పట్టీల మీద ఉంటుంది.

మేస్త్రీ కారు కింద పడుకుని అంతా చూసి లేచి, "కట్టకు ఒక్క పట్టీ వేస్తే సాలప్పా. ఐదుకు ఆరు. మలుపులో ఒరగదు, బాటలో ఎగరదు," అన్నాడు.

"ఆరా?" అన్నాడు నా భర్త. "సరిసంఖ్య. అచ్చిరాదు. ఏడు చెయ్యి."

"కమాన్లకు అచ్చిరావడం యాడిదప్పా? బరువుకు తగినన్ని వేయాల."

అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతున్న మా అత్త చేట ఆపింది. "ఇంటికి మెట్లు బేసిగా పెడతాం. దూలాలు బేసిగా పెడతాం. సదివింపులు బేసిగా పెడతాం. ఇంత లావు బండికి మాత్రం సరిసంఖ్య పెడ్తావా మేస్త్రీ?"

"నీ ఇంటి మెట్లు గంటకు యాభై మైళ్ళు పోతాయా అమ్మా?"

"పోవు. అందుకే ఇంకా ఇల్లు నిలబడుండాది."

మేస్త్రీ నవ్వి నా వైపు చూశాడు. పుట్టింటి ఊరిమనిషి కాబట్టి నేను తన పక్షం మాట్లాడతానని అనుకున్నాడేమో. నేను మాట్లాడలేదు. నాకూ ఏడే మంచిదనిపించింది. మా నాన్న కూడా గానుగకు కొత్త రోకలి వేసినప్పుడు ఏడు దోసిళ్ళ నువ్వులు పోసేవాడు. లెక్కలు రాసేవాళ్ళకు కూడా కొన్ని అంకెల మీద భయం ఉంటుంది. ఆ తప్పులో నా వంతు ఉందని ఇక్కడ రాసిపెడుతున్నాను.

రెండు రోజులు పనిచేశాడు. కట్టలు విప్పి, పట్టీల తుప్పు గీకి, మధ్యమధ్య గ్రీజు పూసి, తాను కొలిమిలో వంచి తెచ్చిన రెండేసి పట్టీలు కలిపి మళ్ళీ బిగించాడు. షాకబ్జర్లలో పాత నూనె పారబోసి, "ఇంట్లో ఆముదం ఉంటే పట్రా అమ్మా. మామూలు మోటారు నూనె పోస్తే లోపలి రబ్బరు ఉబ్బిపోతాది. ఆముదమైతే చిక్కగా ఉండి నిమ్మళంగా పనిచేస్తాది," అన్నాడు. మా అత్త దీపాలకు పెట్టుకున్న ఆముదం కుండ తెచ్చి ముందు పెట్టి, "బండికి తలంటు కూడా అయింది. ఇంక సాంబ్రాణి పొగ ఒకటే తక్కువ," అంది.

పని అయ్యాక మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య నేను కొలబద్ద పెట్టి చూశాను. ముందు రోజు మూడంగుళాలు ఉన్నది ఇప్పుడు నాలుగున్నర. నా భర్త బండిబాట మీద ఒకసారి పోయి వచ్చి, "శానా బాగుండాది. రాయిలాగుండాది," అన్నాడు.

"రాయిలాగుంటే బాగుండడమేంది?" అని నేను అడిగాను. "మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?"

"బాగుండాదంటున్నా కదా."

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "తోలినోణ్ణి అడగొద్దమ్మా. తన కారు గురించి తోలినోడు, తన బిడ్డ గురించి తల్లి, నిజం చెప్పరు."

అప్పుడు నాకు ఆ గిన్నె గుర్తొచ్చింది. నేను కూర్చోబోయే చోట, వెనక సీటు ముందు, గోనెపట్టా మడిచి దాని మీద గిన్నె పెట్టించాను. అంచుదాకా నీళ్ళు కొలిచి పోశాను. రోడ్డుదాకా నాలుగు మైళ్ళు పోయి, అక్కడినుంచి తిరిగి రావాలి. మైలుకు ఎనిమిది నిమిషాలకన్నా తొందరపడకూడదు, ఆలస్యమూ కాకూడదు. జేబుగడియారం చూసుకుంటూ తోలమన్నాను. వచ్చాక మిగిలిన నీళ్ళు గిద్దతో కొలుస్తాను. ఎన్ని తగ్గితే అంత కుదుపు.

మేస్త్రీ వంగి గిన్నె అంచు చూశాడు. తర్వాత, "నా ఉద్యోగంలో దొరలు కూడా ఇట్లా చూళ్ళేదు," అని, మొదట ఐదు పట్టీలతో చూడాలి కదా అని కొత్తగా వేసిన ఎనిమిది పట్టీలూ తనంతట తానే విప్పడం మొదలుపెట్టాడు. చెమటతో చొక్కా తడిసిపోయినా ఆ పని ఇంకొకరికి వదలలేదు. ఆయన మీద నాకు గౌరవం అక్కడే పుట్టింది.

ఫాల్గుణ బహుళ దశమి, ఏకాదశి నాటి కొలతలు నా పుస్తకంలో ఇట్లా ఉన్నాయి. ఐదు పట్టీలు, తోలేవాడు ఒక్కడే: మూడు గిద్దలు పోయాయి. ఏడు పట్టీలు, ఒక్కడే: పదకొండు గిద్దలు. పదకొండు చూసి నేను మళ్ళీ కొలిచాను, అదే వచ్చింది. మేస్త్రీకి ఆశ్చర్యం కలగలేదు. "గట్టి కమాను ఖాళీ బండిని ఎగరేస్తాది. బరువు పడితేనే వంగుతాది. మూటలెక్కించి చూడండి," అన్నాడు. అమ్మకానికి ఉంచిన శనగకాయల మూటలు ఇంట్లో ఉన్నాయి, మూట నాలుగు మణుగులు. మూడు మూటలు వేస్తే ఏడు గిద్దలు పోయాయి. ఆరు మూటలు వేస్తే నాలుగే పోయాయి. అప్పటికి ఇంకా కిలోలు రాలేదు, మణుగంటే ఇప్పటి పదకొండు కిలోల పైచిలుకు. ఆరు మూటలంటే ఇరవైనాలుగు మణుగులు.

పోయేముందు మేస్త్రీ నా భర్తను పక్కకు పిలవకుండా, అందరూ వినేటట్టే చెప్పాడు: "పందేనికి ఏడు కావాలన్నావు, ఇచ్చినా. నా మాటయితే ఆరే. పందెం కాంగానే నేరుగా నా షెడ్డుకు రా. రెండేసి పట్టీలు తీసేస్తా. అంతదాకా కడుపుతో ఉండే ఈ పాపను ఇందులో ఎక్కించొద్దు."

"ఎక్కించనులే."

"నా మీద ఒట్టు కాదు, గండి ఆంజనేయస్వామి మీద ఒట్టెయ్యి. నా మీదయితే నువ్వు మర్చిపోతావు."

నా భర్త ఒట్టు వేశాడు. జాకీ, పానాలు సంచిలో వేసుకుని మేస్త్రీ వెళ్ళిపోయాడు.

లెక్క ప్రకారం అంతా సరిపోయేది. పందెం హేవిళంబి చైత్ర బహుళ తదియనాడు. చవితినాడు కారు ప్రొద్దుటూరు పోయి ఐదు పట్టీలతో తిరిగి వస్తుంది. సప్తమినాడు నేను జమ్మలమడుగు పోతాను. నాకు తొమ్మిదో నెల పెట్టడానికి అప్పటికి ఇంకా ఆరు రోజులుంటాయి. పుస్తకంలో ఒక పేజీకి గీత కొట్టి ఇవన్నీ రాసుకున్నాను.

తదియనాడు సాయంత్రం కారు చప్పుడు వినపడింది. కోళ్ళు గంపల్లో దూరాయి. నా భర్త కారును వాకిట్లో నిలపకుండా కొట్టం వెనక్కు తోలి, పైన టార్పాలిన్ కప్పి వచ్చాడు. కాళ్ళు కడుక్కోలేదు. అన్నం వద్దన్నాడు. ఏమైందో మరునాడు పాలేరు చెప్పాడు. మొదటి రెండు చుట్లూ మా కారే ముందట. మూడో చుట్టులో తూము దగ్గర చెరువు మట్టి ఎండి పగుళ్ళు వారిన చోట తిరిగేటప్పుడు, ఒరగడం మాట అటుంచి, వెనక చక్రం నేల విడిచి ఎగిరిందట. గట్టి కమాను పగులును మింగలేక బండిని ఎత్తేసింది. కారు గిర్రున తిరిగి వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి ఆగిపోయింది. జమ్మలమడుగు జీపాయన పక్కనుంచి పోతూ, "ఏమప్పా, ఇంట్లో ఏమన్నా మర్చిపోయినావా?" అన్నాడట.

చవితినాడు నా భర్త ప్రొద్దుటూరు పోలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను రెండుసార్లు అడిగాను. మూడోసారి మా అత్త అడిగింది.

"రేయ్, ఆ పట్టీలు తీపించుకొస్తానంటివే?"

"రేపు పోతాలేమ్మా."

"ఈ పొద్దుకేం రోగం?"

"ఆ మేస్త్రీ ఆరు సాలని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినాడు. ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని పోవాల?"

"ఉన్న మొగమే పెట్టుకుని పో. ఇంకోటి యాడ తెస్తావు?"

ఆయన పోలేదు. ఓడిపోవడం కాదు ఆయన బాధ, సరిగ్గా ఎందుకు ఓడిపోతాడో ముందే చెప్పిన మనిషి ముందు నిలబడడం. ఆ సిగ్గు నాకు అర్థమైంది. దాని వెల ఎంతో మాత్రం నాకు అప్పటికి తెలియదు.

పంచమినాడు తెల్లవారి లేచేసరికి నా చీర మీద రక్తం కనపడింది. ఎక్కువ కాదు. అరచేతంత. మొదటిసారీ రెండోసారీ అరచేతంతతోనే మొదలైంది. నేను అరవలేదు. మంచం మీద మళ్ళీ పడుకుని, కాళ్ళ కింద దిండు పెట్టుకుని మా అత్తను పిలిచాను. ఆమె చూసి పాలేరును మంత్రసాని ఇంటికి పరిగెత్తించింది. మంత్రసాని వచ్చి కడుపు మీద చెయ్యి వేసి, "బిడ్డ తిరగతానే ఉండాది. కానీ ఇది నా చేతిలో పని కాదు. ఆసుపత్రికి పదండి," అంది.

నా భర్త గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "కార్లో ఎట్ల ఎక్కించేది? పట్టీలు అట్లే ఉండాయి," అన్నాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "పదకొండు గిద్దలు," అన్నాడు.

ఆ అంకె ఆయన గుర్తుపెట్టుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. నా కొలతల్ని ఆట అనుకుని చూశాడని అంతవరకూ నా అభిప్రాయం.

ఎద్దులబండి వద్దని డాక్టరమ్మ చెప్పింది. మేస్త్రీ నలభై మైళ్ళ దూరాన ఉన్నాడు. పట్టీలు విప్పే పానాలు ఆయనతోనే పోయాయి. నేను కళ్ళు మూసుకున్నాను. పుస్తకం తెరవనక్కర లేకపోయింది, ఆ పేజీ నా కళ్ళ ముందే ఉంది.

"ఆరు మూటలు వెయ్యండి," అన్నాను. "ఇరవైనాలుగు మణుగులు. నాలుగే పోతాయి."

"మూటలు యాడుండాయి?" అన్నాడు ఆయన. "మొన్న కాయలన్నీ వలిపించి మండీకి తోలినాము గదా."

"ఇసక మూటలు కట్టిస్తా," అని మళ్ళీ ఆయనే అన్నాడు.

"గమ్మునుండు," అంది మా అత్త. "రోడ్డుదాకా సరే. ఏరు దాటేటప్పుడో? ఇంత బరువుతో పెన్న ఇసకలో దిగితే బండి ఇరుసుదాకా కూరుకుపోతాది. ఆడ మూటలు ఎవురు దించాల, గట్టుకు ఎవురు మోయాల, మళ్ళా ఎవురెక్కించాల?" వీధి వైపు చూసి, "మూటలైతే దించాల. మనుషులైతే వాళ్ళే దిగుతారు," అంది.

ఆ మాట అని ఆమె వీధిలోకి వెళ్ళింది. ఎవరెవరిని పిలుస్తుందో ఊహించి, నేను మంచం మీద వాళ్ళ తూకాలు కూడిక వేశాను. కార్తీకంలో శనగకాయలు తూచిన రోజు ఆడవాళ్ళంతా సరదాకు కాటా ఎక్కి నవ్వుకున్నారు. నేను అందరివీ రాసుకున్నాను. మా అత్త నాలుగు ముక్కాలు మణుగు. మంత్రసాని మూడున్నర. పక్కింటి దూదేకుల పెద్దమ్మ నాలుగున్నర. ఎదురింటి తోడికోడళ్ళు ముగ్గురు, పెద్దామె నాలుగు, నడిపామె మూడుముక్కాలు, చిన్నామె మూడున్నర. మొత్తం సరిగ్గా ఇరవైనాలుగు.

మా అత్త అంతకంటే తొందరగా తిరిగొచ్చింది, వెనకాల, ఇంట్లోనే ఉన్న మంత్రసాని కాక, నలుగురు. ఒకామె చేతికి పేడ అట్లే ఉంది. ఇంకొకామె తల సగం దువ్వుకుని ఉంది. ఎందుకు, ఎప్పుడు వస్తాం అని ఎవరూ అడగలేదు. దూదేకుల పెద్దమ్మ మాత్రం కారు దగ్గర నిలబడి, "నన్ను యాడ కూర్చోబెడతారు? లావుగా ఉండేదాన్ని గదా, ఎనకనా ముందరా?" అంది.

"ఎనక చక్రాల మీద," అన్నాను నేను. "మీరూ అత్తా నాకు చెరోపక్క."

"సూడమ్మా, ఇన్నేండ్లు నేను తినిందానికి ఈ పొద్దుకు ఒక పని తగిలింది," అని ఆమె ఎక్కి కూర్చుంది.

పెద్ద తోడికోడలు, మంత్రసాని ముందు సీట్లో. మిగతా ఇద్దరు మధ్య సీట్లలో. కడపటికి మా అత్త ఇంట్లోకి పోయి ఇత్తడి గిన్నె తెచ్చి, అంచుదాకా నీళ్ళు పోసి, తన రెండు పాదాల మధ్య పెట్టుకుంది. "నువ్వు కండ్లు మూసుకో. నేను దీన్ని సూస్తాంటా," అంది.

బండిబాట నాలుగు మైళ్ళు. వంక దగ్గరకు వచ్చేసరికి అందరూ మాటలు ఆపేశారు. నాకు మొదటి బిడ్డ పోయిన చోటు అందరికీ తెలుసు. కారు ముక్కు వంచి గుండ్రాళ్ళలోకి దిగింది. ఆరుగురూ ఊపిరి బిగబట్టి, బరువు ఇంకా కిందికి నొక్కాలన్నట్టు సీట్లకు అంటుకుపోయారు. కమాన్లు వంగాయి. పడవ ఒక అల ఎక్కి దిగినట్టు కారు ఎక్కి దిగింది. గట్టు మీదికి వచ్చాక చిన్నామె, "ఎంత పోయినాయి?" అంది. మా అత్త గిన్నెలోకి చూసి, "నా కాళ్ళు తడిసినాయి గానీ నిండుగానే ఉండాది," అంది. అప్పుడు అందరూ ఒక్కసారి నవ్వారు. నేనూ నవ్వాను. నా భర్త నవ్వలేదు. ఆయన మెడ వెనక చెమట కారుతూ ఉంది.

రోడ్డెక్కాక ఇబ్బంది లేదు. పెన్న దగ్గర మేము దాటే చోట వంతెన లేదు, ఇసుక మీద బోదగడ్డి పరిచిన బాట ఉండేది. అక్కడ ఆరుగురూ తమంతట తాము దిగారు. ఇసుక మెత్తన, దానికి కమాన్లతో పనిలేదు. నన్నొక్కదాన్నే పెట్టుకుని కారు మెల్లగా పాకుతూ పోయింది. వెనక్కు చూస్తే, చైత్రం ఎండలో, చెప్పుల్లేని కాళ్ళతో, కాలుతున్న ఇసుక మీద ఆరుగురు కొంగులు నెత్తిన వేసుకుని వరసగా నడిచి వస్తున్నారు. మా అత్త గిన్నెను చంటిబిడ్డలా రెండు చేతులా పట్టుకుని ఉంది. అందరికీ నోరెండిపోయింది. చిన్నామె చెలమ తవ్వి నీళ్ళు తాగుదామంది. గిన్నెలో నీళ్ళున్నాయని ఎవరూ అనలేదు, అవి తాగే నీళ్ళు కావని అందరికీ తెలుసు. అవతలి గట్టున మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను చూసి, సూది వేసి, కదలకుండా పడుకోబెట్టింది. "బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. ఏ బాటన తెచ్చారు, ఇంత నిమ్మళంగా?" అని అడిగింది. నా భర్త కిటికీ వైపు చూపించాడు. కిటికీలోంచి చూస్తే, బయట వరండాలో ఆరుగురూ వరసగా కూర్చుని అరికాళ్ళకు నీళ్ళు పోసుకుంటున్నారు.

కాసేపటికి మా అత్త నా మంచం దగ్గరికి వచ్చింది. ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో ఆసుపత్రి వంటింట్లో అడిగి తెచ్చిన గిద్ద. ఈగల్ని లెక్కపెడతావా అని నన్ను ఎగతాళి చేసిన మనిషి గొంతు తగ్గించి, "మూడున్నర పోయినాయి. బాగా సూసి కొలిసినా. రాసుకో," అంది.

రక్తం రెండో రోజుకు ఆగింది. నన్ను పన్నెండు రోజులు అట్లాగే పడుకోబెట్టారు. వైశాఖ శుద్ధ విదియనాడు పగలు పదకొండుంబావుకు నాకు కూతురు పుట్టింది. ఐదు పౌన్ల ఒక ఔన్సు. ఆ తూకం నేను చూడలేదు, నర్సు చెప్పింది. అందుకని నర్సును ఇంకొకసారి తూచమన్నాను. రెండోసారీ అంతే వచ్చింది.

బిడ్డ పుట్టకముందే, నేను చేరిన మూడో రోజున, మేస్త్రీ బస్సులో దిగాడు. ఎవరు చెప్పారో తెలియదు. జాకీ, పానాల సంచి భుజాన ఉన్నాయి. నా భర్త ఆయనను చూసి లేచి నిలబడి, "నీ మాట ఇనుంటే..." అని ఆగిపోయాడు.

"పందెమా? అది వచ్చే ఏడు మళ్ళా వస్తాదప్పా," అన్నాడు మేస్త్రీ. "ఓడిపోయినానని నా కాడికి రాకపోతివి సూడు, అదీ తప్పు. సెడిపోయిన బండ్లు రాకుంటే నా షెడ్డు ఎందుకు?" తర్వాత వార్డు గుమ్మం బయట నిలబడి, లోపలికి రాకుండా, "పాపా, ఎన్ని పోయినాయి?" అని నన్ను అడిగాడు.

"మూడున్నర."

"ఆరు మూటలకు నాలుగన్నావే?"

"మూటలు ఊపిరి బిగబట్టవు కదా," అన్నాను.

ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు నీడన ఆయన నాలుగు కట్టలూ విప్పి, కట్టకు రెండేసి చొప్పున ఎనిమిది పట్టీలు తీసి, గోనెలో చుట్టుకుని ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. నేను ఐదు పట్టీల కారులో, ఆసుపత్రిలో చేరిన ఇరవైఆరో రోజున, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఇల్లు చేరాను. గిన్నె పెట్టలేదు.

ఆషాఢంలో మేస్త్రీ ఒక బండిలో బరువైన మూట పంపాడు. విప్పితే ఎనిమిది కత్తిపీటలు. కమాను ఉక్కు కొలిమిలో సాగదీసి, నూరి, చింతచెక్క పీటలకు బిగించాడు. ఏది ఎవరికో కాగితం పెట్టలేదు, మాకు తెలుస్తుందని ఆయనకు తెలుసు. ఆరు ఆ ఆరుగురికి. ఒకటి నాకు. మిగిలిన ఒకటి నేను ప్రొద్దుటూరు పోయినప్పుడు తీసుకుపోయి ఆయన భార్యకు ఇచ్చాను. ఎనిమిదీ సరిపోయాయి. నాది ఇంకా ఉంది. ఇన్నేళ్ళలో పదును పెట్టించింది నాలుగుసార్లే. వంకాయ కోసినా గుమ్మడికాయ కోసినా అదే.

ఆ ఆరుగురికి నేను చెల్లించింది ఏమీ లేదు. ఏదైనా ఇవ్వబోతే నవ్వేవారు. దూదేకుల పెద్దమ్మ పోయేదాకా నా కూతుర్ని చూసినప్పుడల్లా, "నేను సన్నగా ఉంటే నువ్వు లేవు, తెలుసునా?" అనేది. అది పరిహాసం కాదు, లెక్క ప్రకారం నిజం. ఆమె నాలుగున్నర మణుగులు ఆ రోజు తక్కువైతే గిన్నెలో ఇంకొక గిద్ద పోయేది. ఆ గిద్దకు ఏమై ఉండేదో నాకు తెలియదు, తెలియకపోవడమే మేలు.

మరుసటి చైత్రంలో చెరువు మళ్ళీ ఎండింది. నా భర్త పోవాలా వద్దా అని తిరుగుతుంటే, మా అత్తే మేస్త్రీకి కబురు పెట్టింది. ఆయన కట్టకు ఒక పట్టీ చొప్పున నాలుగు కొత్త పట్టీలు తెచ్చాడు. పందెం అయిన వెంటనే అక్కడే చెరువులోనే విప్పుకుని పోతానని జాకీ కూడా తెచ్చాడు.

"ఎన్ని వెయ్యమంటావమ్మా?" అని, తెలిసి కూడా, మా అత్తను అడిగాడు.

ఆమె ఒళ్ళో ఏడాది నిండబోతున్న మనవరాలు ఉంది. "ఆరు వెయ్యి," అంది.

"సరిసంఖ్య గదమ్మా?"

"ఎవురు చెప్పినారు నీకు? మా ఇంట్లో ఆరు బేసే," అంది మా అత్త.

ఆ ఏడు మా కారు రెండోదిగా వచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో పసుపుకుంకుమకు పిలిచినా, వియ్యపురాలికి చీరలు పెట్టినా, ఆరే. చూసినవాళ్ళు తప్పు లెక్క పెట్టామనుకుంటారు. నేను సరిదిద్దను.